మూత పెడితేగానీ ఆగని ఇంజను

తొంభైల చివర్లో, హైటెక్ సిటీ కొత్తగా లేచిన రోజులవి. ఇంజనుకు గాలి దట్టించి బలం పెంచే యంత్రాలంటే మావారికి పిచ్చి. మా పాత డీజిల్ కారుకు టర్బోచార్జర్, సూపర్‌చార్జర్ రెండూ బిగించి, ఓ ఆదివారం అత్తయ్యనీ నన్నూ ఎక్కించుకుని కూకట్‌పల్లి నుంచి బయల్దేరారు.

మాదాపూర్ ఎత్తు ఎక్కుతుండగా ఇంజను ఒక్కసారిగా గీపెట్టింది. వెనకంతా పొగ. మావారు కారు ఆపి, తాళంచెవి లాగేసి, పరుగున వెళ్లి బానెట్ ఎత్తారు. అయినా ఇంజను ఆగలేదు!

“టర్బోలోంచి ఆయిల్ కారుతోంది. డీజిల్ బదులు ఇంజను దాన్నే తాగి తిరుగుతోంది,” అన్నారు.

“జర దూరం జరుగుండ్రి, పేలుతది!” అని కేకేశాడు ఒక ఆటో డ్రైవరు.

ఎలా జరగను? మోకాళ్లు పట్టేసి అత్తయ్య వెనక సీట్లోంచి దిగలేకపోతున్నారు. ఆవిణ్ణి బయటికి లాగుతూ మావారు ఏడుపు గొంతుతో అరిచారు. “గాలి పీల్చే గొట్టం మూసెయ్! చెయ్యి మాత్రం పెట్టకు!”

దారిలో తినడానికి తెచ్చి, ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్న పులిహోర డబ్బా స్టీలు మూత ఊడబెరికి గొట్టానికి అడ్డం పెట్టాను. గొట్టం దాన్ని లటుక్కున లాక్కుంది. ఇంజను దగ్గి, వణికి, ఆగిపోయింది.

ఏడాదిగా దానికి ఇంకా గాలి కావాలని తపించిన మనిషి, దాని ఊపిరి ఆపినందుకు నడిరోడ్డు మీద నాకు దణ్ణం పెట్టారు. సొట్టపడిన ఆ మూత మళ్లీ డబ్బాకు పట్టలేదు. అయినా ఎవరినీ పారేయనివ్వను.