జరీ అంచు స్కార్ఫు

ఆ రోజుల్లో, గుజరాత్‌లో మన తెలుగు నేతవాళ్లుండే లింబాయత్‌లోని మా స్కౌటు బృందంలో పిల్లలం పద్నాలుగు మందిమి, మమ్మల్ని పాలించే కమిటీలో పెద్దలు పదిహేను మంది. పిల్లాడికొక పెద్దమనిషి చొప్పున పోగా మిగిలినాయన అధ్యక్షుడు. అందరూ ఒకరికొకరు చుట్టాలే, అందరూ సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేసేవాళ్లే. ఒకరిని కమిటీలో వేసి ఇంకొకరిని వదిలేస్తే ఇళ్ల మధ్య పెళ్లి పిలుపులు ఆగిపోతాయని (ఒకసారి నిజంగానే ఆగాయి) అందరినీ వేసేశారు. ఇలాంటి ప్రభుత్వం కింద బతికినవాడికి కోపం రాదా? నాకు ఇప్పటికీ వస్తుంది.

స్కౌటు పుస్తకంలో మాత్రం స్పష్టంగా ఉంది: బృందం సంగతులు దళనాయకులు కూర్చుని తేల్చుకోవాలి, కమిటీ వెనక నిలబడి సాయపడాలి. పద్నాలుగేళ్ల నేను పులి దళానికి నాయకుణ్ణి, ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. జిల్లా ర్యాలీకి మెడలో కట్టుకునే స్కార్ఫు ఏ రంగుదో మేం ఇద్దరు నాయకులం, ఇద్దరు ఉపనాయకులం చేతులెత్తి తేల్చాం. నీలం. మా స్కౌటు మాస్టారు నోటుబుక్కులో రాసుకున్నారు కూడా. ఆయన పాండేసరలో రంగుల మిల్లు సూపర్‌వైజరు, అక్కడ అందరినీ గదమాయించేవారు. కానీ మా అధ్యక్షుడు ఆయనకు సొంత బావ. బావ గొంతు సవరించుకుంటే చాలు, మాస్టారు నోటుబుక్కు మూసేసేవారు.

ఆ అధ్యక్షుణ్ణి మేమంతా జరీ కాక అనేవాళ్లం. "నీలం గుడ్డ బజార్ల కొనుడేంది? ఇన్ని సాంచలు పెట్టుకొని బయట కొంటే నలుగురు నవ్వరా?" అన్నాడు. కమిటీలోని మిగతా పద్నాలుగు తలలూ ఊగాయి.

"కాకా, మేం ఓటేసినం," అన్నాను.

"ఏసినవ్ బేటా, మంచిగ ఏసినవ్. ఇగ ఇంటికి వొయ్యి సద్వుకో."

ర్యాలీ రోజు పొద్దున స్కార్ఫులు చేతికొచ్చాయి. చిలకపచ్చ గుడ్డ, దానికి బెత్తెడు జరీ అంచు. ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలలు రోజూ ఎండలో అడుగు కలిపి నడక నేర్చుకుంది ఈ చీర ముక్క కట్టుకోవడానికా? మైదానంలో తనిఖీకి వచ్చిన గుజరాతీ మేడమ్ నా ముందు ఆగి, అంచు పట్టుకుని చూసి, "ఆ శుం ఛే? స్కౌట్ ఛో కే జానైయా?" అంది. ఇదేంటి, మీరు స్కౌట్లా, పెళ్లికొడుకు వెంట వచ్చినవాళ్లా అని. పక్క బృందాలన్నీ పగలబడి నవ్వాయి. స్కార్ఫు సాదా గుడ్డ అయితేనే కవాతట. మమ్మల్ని వరుసలోంచి తీసి షామియానా పక్కన కూర్చోబెట్టారు. మిగతా బృందాలు నడిచాయి, మేం చప్పట్లు కొట్టాం.

అయిపోగానే నేరుగా జరీ కాక దగ్గరికి వెళ్లాను. ఆయన కూడా మెడలో అదే స్కార్ఫు కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నోటికొచ్చినట్టు అరిచాను. పెద్దంతరం చిన్నంతరం లేకుండా, పుస్తకంలో పేజీ నంబరుతో సహా. చెంప పగులుతుందనుకున్నాను. కాక స్కార్ఫు విప్పి మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు.

"నాలుగు చుట్టీ దినాలు కూసొని నేనే నేసిన బిడ్డా. నీలం నేసినా గంతే పనుండె. నువ్వు చెప్తనే ఉన్నవ్, నేనే ఇనలే," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నా కోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేనూ ఆ కమిటీలో ఉన్నాను (చుట్టరికమే, ఇంకే అర్హతా లేదు). మొన్న కొత్త స్కార్ఫు సంగతి వచ్చింది. ఇప్పుడు బృందంలో ఆడపిల్లలూ ఉన్నారు, ఒక దళనాయకురాలు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఊదారంగట! చూడగానే కోపం నషాళానికి అంటింది.

"గీ రంగేందమ్మా? జర మంచిగ సోంచాయించుండ్రి," అన్నాను.

"అంకుల్, ఓటింగ్ అయిపోయింది. ఫైనల్ ఛే," అంది.

సంతకం పెట్టాను. పెట్టి, ఇంటికి చేరేదాకా ఆ రంగును తిడుతూనే ఉన్నాను. జరీ కాక బతికి ఉంటే నా పక్కనే నడుస్తూ నాకన్నా గట్టిగా తిట్టేవాడు.