ఎర్రబడిన పసుపన్నం

ఆ రోజుల్లో మా మద్రాసులో రంగులు చూసి తినమని ఎవరూ చెప్పేవాళ్లు కారు పిల్లలూ. తినమని చెప్పేవాళ్లు, అంతే. కంచంలో పడింది తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా నోరు మూసుకుని తినడమే (నోరు మూసుకుంటే ఎలా తినాలని మీ పెద్ద తాతయ్య ఒకసారి అడిగి మొట్టికాయ తిన్నాడు). ఇందాక మీరు పుణే నుంచి పంపిన ఫోటో చూశాను. ఒక గిన్నె, అందులో వరసగా ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ, ఊదా ముక్కలు, కింద చిన్నోడి ప్రశ్న: "అమ్మమ్మా, ఇన్ని రంగులు తింటే ఆరోగ్యం, నీకు తెలుసా?" తెలుసా అని అడుగుతాడేమిట్రా వీడు! వీడి అమ్మ పుట్టకముందే ఈ అమ్మమ్మ ఆ గిన్నె వండింది. ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టింది. చింతాద్రిపేటలో ఆ వీధి వీధంతా నవ్వుకునేలా పెట్టింది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను, కాస్త దగ్గరగా జరగండి. ఫోన్లో ఎలా జరగాలని అడగొద్దు.

డెబ్భైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు. గృహవిజ్ఞానం చదివి, మా ఇంటికి నాలుగు వీధుల అవతల కూవం నది ఒడ్డునున్న ఆడపిల్లల బడిలో వంట టీచరుగా చేరాను. చేరాననడం కూడా గొప్పే. ఆరు నెలలు చూసి, బాగుంటే ఉంచుతాం, లేకపోతే లేదు అన్నారు. "వంటకి టీచర్ ఏందమ్మా? పిల్లకాయలకి ఇంట్లో అమ్మల్లేరా?" అని పెద్ద టీచరమ్మ నా ఎదురుగానే అనేది. పెద్ద టీచరమ్మ అంటే మా బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆమె తెల్ల చీరకి పెట్టే గంజికి, చీర తనంతట తనే నిలబడి ఆమె లోపలికి వచ్చేదాకా ఎదురుచూస్తుందని పిల్లలు చెప్పుకునేవాళ్లు. నా వంటగది ఖాళీ చేయించి అక్కడ కుట్టుమిషన్లు పెట్టించాలని ఆమె కోరిక. మా ఇంట్లోనూ అదే పాట. "వంట చెయ్యడానికి జీతమా? ఈడ మీ అమ్మ ముప్పై ఏండ్లుగా ఊరికే చేస్తా ఉంది కదే" అని మా నాయన నవ్వేవాడు. కాబట్టి ఆ ఉద్యోగం నిలబడితే నేను టీచరమ్మను, పోతే మళ్లీ మా అమ్మ పక్కన కూర్చుని కొత్తిమీర గిల్లే పిల్లను. అదీ సంగతి.

ఆరో నెలలో ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నారని కబురు వచ్చింది. నా దగ్గర ఒక పెద్ద ఆలోచన ఉంది. చదువుకునేటప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం మొక్కల్లోని రంగులు. క్యారెట్టుకి నారింజ రంగు ఇచ్చే కెరోటిన్ మన ఒంట్లోకి వెళ్లి విటమిన్ ఏ అవుతుంది, కళ్లకి మంచిది. ఆకుకూరలో కూడా అదే ఉంటుంది, కానీ ఆకుపచ్చ వెనకాల దాక్కుంటుంది, కొత్త కోడలు తలుపు వెనక దాక్కున్నట్టు. ద్రాక్షకి ఊదారంగు ఇచ్చేది ఇంకొకటి, దాని పేరు ఆంథోసయనిన్ (ఆ పేరు తప్పులేకుండా పలకగలిగినందుకే నాకు డిగ్రీ ఇచ్చి ఉంటారు). అది గుండెకీ రక్తనాళాలకీ మంచిదని ఇప్పుడు మీ డాక్టర్లు అంటున్నారు, అప్పట్లో మాకు పేరు మాత్రమే తెలుసు. ఇన్‌స్పెక్టరమ్మకి అరిటాకులో అయిదు రంగులు వడ్డించి, ఒక్కో రంగు గురించి పిల్లల చేత చెప్పించాలి. పసుపన్నం, పాలకూర, క్యారెట్ హల్వా, పన్నీర్ ద్రాక్ష అనే నల్లద్రాక్ష రసం, బీట్‌రూట్ పెరుగు పచ్చడి. ఇక నా ఉద్యోగాన్ని ఎవరు కదిలిస్తారో చూద్దాం అనుకున్నాను.

ఒకటే భయం. పాలకూర వండితే మిలటరీ దుస్తుల రంగుకి తిరుగుతుంది. మా వీధి చివర టిఫిన్ హోటల్లో వంట మాస్టర్ ఉండేవాడు. ఆయన చేసే కీర పొరియల్, అంటే అరవవాళ్ల ఆకుకూర వేపుడు, చిలక రెక్కలా మెరిసేది. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే రోజు పొద్దున ఇడ్లీలు కట్టించుకుంటూ రహస్యం అడిగాను.

"అదేం బ్రహ్మవిద్యా పాపా? చిటికెడు వంటసోడా ఏసేయి. ఆకు అట్టానే నిలబడతాది" అన్నాడు ఆయన.

ఆయన చెప్పింది కీరకి, చిటికెడు. నేను విన్నది అదే. కానీ చదువుకున్న బుర్ర కదా, ఊరికే ఉంటుందా? సోడా పచ్చరంగును కాపాడుతుంటే పసుపును కాపాడదా, ఊదాను కాపాడదా అని తర్కించింది. చిటికెడే ఇంత చేస్తే చెంచాడు ఎంత చేస్తుందని లెక్క కట్టింది. బడికి వెళ్లి, పిల్లలతో కూరలు తరిగించి, రెండు కిరోసిన్ స్టవ్‌లు వెలిగించి, పాలకూరలో ఒక చెంచా వేశాను. ఆహా, మరకతం! ఆ ఉత్సాహంలో పసుపు కలిపిన ఎసరులో రెండు చెంచాలు, ద్రాక్షరసంలో ఒకటి, హల్వాలో ఒకటి వేశాను. బీట్‌రూట్ దగ్గరికి వచ్చేసరికి పొట్లం ఖాళీ అయిపోయింది. "పోనీలే, ఇదొక్కటి రంగు తగ్గినా పర్వాలేదు" అనుకున్నాను. ఆ పొట్లం ఖాళీ కావడంలోనే నా తలరాత ఉందని అప్పుడు తెలియదు.

అన్నం మూత తీశాను. పిల్లలూ, పసుపన్నం ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు, ఇటుకలు పొడికొట్టి కలిపినట్టు ఉంది. ద్రాక్షరసం సిరాబుడ్డి కడిగిన నీళ్లలా ఆకుపచ్చా నలుపూ కాని రంగులో ఉంది. పాలకూర మరకతమే కానీ గరిటె పెడితే జావ. క్యారెట్ ఒక్కటే, మంచి ఇంటి పిల్లలాగ, ఎక్కడ పెట్టిన రంగు అక్కడే ఉంది. నా క్లాసులో వాగుడుకాయ అని ఒక పిల్ల ఉండేది. అది తొంగిచూసి, "టీచర్, అన్నానికి తట్టు పోసినట్టుంది" అంది.

అప్పుడే వాకిట్లో కారు చప్పుడు. పెద్ద టీచరమ్మ గంజి చీర ఫెళఫెళలాడుతూ వంటగదిలోకి వచ్చింది. "ఏమ్మా, అంతా రెడీయా? వచ్చేసినారు!" అని, గుండిగలోకి చూసి ఆగిపోయింది.

"ఇదేంది?"

"పసుపన్నం అండీ."

"పసుపా? నాకు కండ్లు పోయినాయా, నీకు పోయినాయా?"

"క్యారెట్ తింటే కళ్లకి మంచిదండీ" అనేశాను. (నిజంగా అన్నాను. భయంలో నా నోరు పాఠం చెప్పడం మొదలుపెడుతుంది.)

ఆమె నన్నొక చూపు చూసి, "ఆమె పక్క గది చూసి పది నిమిషాల్లో ఈడికే వస్తాది. దీన్ని ఏం చేస్తావో చేసుకో. రేపట్నించి ఈడ కుట్టుమిషన్లు" అని వెళ్లిపోయింది.

నేను గరిటె పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాను. అప్పుడు మా బడి ఆయమ్మ వచ్చింది. వాకిట్లో ఇన్‌స్పెక్టరమ్మకి ఎర్రనీళ్లు తిప్పి దిష్టి తీసి, ఆ పళ్లెం కడగడానికి లోపలికి వచ్చింది. పెళ్లికూతురు వచ్చినా, పెద్దవాళ్లు వచ్చినా పళ్లెంలో నీళ్లు పోసి, పసుపూ సున్నమూ కలిపి, ఎర్రగా చేసి తిప్పుతారు కదా, అవే ఎర్రనీళ్లు. ఆయమ్మ ఒకసారి తన పళ్లెం చూసింది, ఒకసారి నా గుండిగ చూసింది.

"ఏం టీచరమ్మా, ఆమెకి నేను వాకిట్లో తీసింది చాలదని నువ్వు ఈడ గుండిగతో దిష్టి తీయబోతా ఉండావా?"

"నేను సున్నం వెయ్యలేదు ఆయమ్మా! కొంచెం సోడా వేశాను, అంతే!"

"అదీ దాని చెల్లెలే కదమ్మా. పసుపుతో చేరితే ఎర్రబడకుండా ఎట్టుంటాది? ఇన్నేండ్లు చదివినావు, ఎర్రనీళ్లు ఎప్పుడూ చూళ్లేదా?"

చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. కానీ అది పూజ సామాను, ఇది పాఠం. రెండూ ఒకే గిన్నెలో ఉంటాయని నా డిగ్రీకి తట్టలేదు.

"ఏడుపు ఆపు. నిమ్మకాయలుండాయా? ఈ పళ్లేన్ని నేను నిమ్మచెక్కతోనే తోమతా. ఎరుపు పోయి మళ్లా పసుపు తేల్తాది" అంది ఆయమ్మ.

నిమ్మకాయలు కోసి పిండబోతుండగానే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేశారు. సన్నగా, చంకలో గొడుగుతో, అన్నిటికీ తల ఊపే మనిషి. పక్కనే పెద్ద టీచరమ్మ. ఇక దాచడానికి లేదు. వాగుడుకాయకి నేను నేర్పిన పాఠం గుర్తుకొచ్చి గట్టిగా మొదలుపెట్టింది. "ఇది పసుపన్నం! పసుపు రంగు తింటే మనకు ఆరోగ్యం!" అని ఎర్రటి అన్నం వైపు చెయ్యి చూపించింది. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నేను ఇంకేమీ తోచక నిమ్మరసం గుండిగలో పోసి కలిపాను. పోసిన చోట ఎరుపు పోయి పసుపు పూసింది. పిల్లలు "హో!" అని అరిచారు. ఇంకో కాయ, ఇంకో కాయ. తట్టు తగ్గినట్టు అన్నం మొత్తం పసుపైపోయింది. ఆ ధైర్యంతో మిగిలిన నిమ్మరసమంతా ద్రాక్షరసంలో గుమ్మరించాను. అది ఆకుపచ్చ నుంచి ఎరుపుకి తిరిగింది. తిరిగి ఊరుకుందా? సోడా, పులుపు కలిశాయి కదా, బుస్సుమని నురగతో లేచి, గిన్నె దాటి, పెద్ద టీచరమ్మ గంజి చీర మీద పడింది. గంజి అంత గట్టిది కాబట్టి లోపలికి ఇంకలేదు, జారిపోయింది. మరక మాత్రం నిలిచింది.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వాపుకుంటూ ఆకు ముందు కూర్చున్నారు. అన్నం నోట్లో పెట్టుకుని, "పులిహోర బాగుండాది. నాలిక మీద కొంచెం గిలిగింతలు పెడతా ఉంది, అంతే" అన్నారు. పాలకూర చూసి మాత్రం నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా చెప్పారు. "సోడా ఏస్తే రంగు నిలుస్తాది పాపా, సత్తువ పోతాది. విటమిన్లు ఉండవు. కొంచెంసేపే ఉడికించి మూత తీసేసెయ్. కొంచెం రంగు పోతే పోనీ." వెళ్తూ పెద్ద టీచరమ్మతో, "ఈ క్లాసు ఉంచేదీ తీసేదీ మీ ఇష్టం" అన్నారు. అంటే నా పని అయిపోయినట్టే. పెద్ద టీచరమ్మ కోపంగా కూర్చుని, సోడా పడని ఆ బీట్‌రూట్ పచ్చడి ఒక్కటే మూడుసార్లు వడ్డించుకుని తినింది. "ఇదొక్కటే మనుషులు తినేదిగా ఉండాది" అంది.

మర్నాడు నా సామాను సర్దుకోవడానికి పెందలాడే బడికి వెళ్లాను. పెద్ద టీచరమ్మ నాకన్నా ముందే వచ్చి వంటగదిలో కూర్చుని ఉంది. చీరకి గంజి లేదు. ముఖంలోనూ లేదు. తలుపు వెయ్యమంది. వేశాను.

"నువ్వు ఒంటి గురించి చదువుకున్న పిల్లవి కదా. నాకేదో పెద్ద జబ్బు వచ్చిందమ్మా. ఎవురికీ చెప్పొద్దు."

"ఏమైందండీ?"

ఆమె గోడవైపు తిరిగి, చాలా చిన్న గొంతుతో, "పొద్దున... దొడ్లోకి పోతే... ఎర్రగా..." అని ఆగింది. "ఆస్పత్రికి పోతే కడుపు కోస్తారేమో. మా చెల్లెలికి ఉత్తరం కూడా రాసేసినా, నా గొలుసు ఎవురికియ్యాలో చెప్తా."

పిల్లలూ, నవ్వకూడదు. నేనూ నవ్వలేదు. పెదవి కొరుక్కుని, జీవితంలో నేను చెప్పిన అతి చిన్న పాఠం చెప్పాను. "జబ్బు కాదండీ. బీట్‌రూట్. దాని ఎరుపు కొందరికి ఒంట్లో కరగకుండా అట్లాగే బయటికి వచ్చేస్తుంది. రేపటికి పోతుంది. పోకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను."

ఆమె గోడవైపు నుంచి నావైపు తిరిగింది. "ఖాయంగానా?"

"ఖాయంగా అండీ. నాకూ అంతే" అన్నాను. (అది అబద్ధం. నాకు రాలేదు. ఒక్కదానివే కాదని ధైర్యం చెప్పాలి కదా.)

ఆ మర్నాడు ఆమె గంజి చీరలో వచ్చింది. నన్ను చూసి తల ఒకసారి కిందికీ పైకీ ఊపింది, పోయిందన్నట్టు. తర్వాత అందరు టీచర్ల ముందూ, "వంట క్లాసు ఉండాల. ఏం తింటే ఏమవతాదో ఆడపిల్లలకి తెలిసుండాల. కుట్టుమిషన్లు వరండాలో పెట్టండి" అంది. ఎందుకు మనసు మారిందో ఎవరికీ అర్థం కాలేదు. నాకు తెలుసు, ఆమెకి తెలుసు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ రహస్యం కాపాడాను, ఆమె నా ఉద్యోగం కాపాడింది. పధ్నాలుగేళ్లు ఆ గదిలో వంట నేర్పాను. ప్రతి ఏడాదీ మొదటి పాఠం ఆయమ్మే చెప్పేది, పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి, నిమ్మకాయ పిండి.

ఇప్పటికీ పులిహోర కలుపుతూ నిమ్మకాయ పిండేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. గరిటె పట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ, తర్కం తప్పిపోయి నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ల పిల్ల కనబడుతుంది. ఏడవకే పిచ్చిదానా, పసుపు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు, దానికి డిగ్రీ ఉంది. సరే, మీ రంగుల గిన్నె తినండి, బాగుంది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి నాన్నా. ఆ ఫోటోలో ఒక మూల బీట్‌రూట్ ముక్కలు కనిపించాయి. రేపు పొద్దున భయపడకండి.