వదిన చెయ్యి, చెరువుగట్టు డ్రమ్ము

ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా వదిన చెయ్యి తగిలి చెరువు నిండా రొయ్యలు చచ్చిపోయాయట! చదువురానివాళ్ళే కాదు, చదువుకున్నవాళ్ళూ అన్నారు ఆ మాట.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. రాజోలు అవతల మా వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. నీళ్ళలో విబ్రియో అనే పాడు బాక్టీరియా పెరిగిందంటే పంట గంగలో కలిసినట్టే. దాన్ని చంపే మంచి బాక్టీరియాను పొట్లాల్లో అమ్మేవారు. గట్టుమీద నీలం డ్రమ్ములో బెల్లంనీళ్ళు, తవుడు కలిపి, ఆ పొడి వేసి, పొంగాక చెరువులో పోసేవాళ్ళం. నాన్నగారు ఊరుకుంటారా? ప్రతిసారీ డ్రమ్ము అడుగున కాస్త మిగిల్చి, పాలకు తోడు పెట్టినట్టు మళ్ళీ బెల్లంనీళ్ళు పోసేవారు. పంట తర్వాత పంట అదే తోడు. నేను విశాఖలో మైక్రోబయాలజీ చదివేదాన్ని. కొత్త పొట్లం వెయ్యండి మహాప్రభో అని సెలవులకు వచ్చినప్పుడల్లా నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. "మీ అమ్మ పెరుగు తోడు మీ నాయనమ్మ నాటిదే. చెడిందేంటి?" అనేవారు.

ఆ వేసవిలో రొయ్యలు నీరసించి గట్టు వెంబడి చేరాయి. తర్వాత తేలాయి. మందుల కొట్టాయన వచ్చి డ్రమ్ము వాసన చూసి, "ఆడోళ్ళెవరైనా ముట్టుకున్నారేంటండి? బయటున్నప్పుడు ముట్టుకుంటే మందు చచ్చిపోద్దండి" అన్నాడు. ఇంకేం! అన్నయ్య ఊళ్ళో లేని రోజు డ్రమ్ము కలిపింది వదినే. అప్పుడావిడ నెలసరిలో ఉందని అమ్మకి తెలుసు. కలపమని పంపింది నాన్నగారే! అయినా సరే, కొత్తకోడల్ని బట్టలతో సహా కొత్తపేటలో పుట్టింట దింపేసి వచ్చారు. ఇక తీసుకురానన్నారు. మా అన్నయ్య మొనగాడు, తల వంచుకుని నిలబడ్డాడు.

నేను డ్రమ్ములో నీళ్ళు సీసాకి పట్టుకుని విశాఖ వెళ్ళాను. గాజుపళ్ళెంలో విబ్రియోని పెంచి, దానిమీద కొత్త పొట్లంలోని బాక్టీరియా చుక్క వేస్తే, చుట్టూ ఉన్నదంతా చచ్చి గుండ్రంగా ఖాళీ అయింది. మా డ్రమ్ములోది వేస్తే విబ్రియో నిక్షేపంలా ఉంది. పైగా ఆ చుక్క, చెరువు మురుగు తినే మరో మంచి బాక్టీరియాని చంపేసింది. మా మేడమ్‌గారు పరీక్షలు చేయించి అసలు సంగతి తేల్చారు. ఈ బాక్టీరియా ఒక ప్రొటీన్‌తో శత్రువుని పట్టి చంపుతుంది. ఎవరిని పట్టాలో తేల్చేది ఆ ప్రొటీన్ కొస. ఆ కొసని తయారుచేసే జన్యువు ముక్క ఒక్కోసారి తనంతట తనే ఊడి, తిరగబడి అతుక్కుంటుంది. క్యాసెట్టు తిరగేస్తే వేరే పాట వచ్చినట్టు, కొస మారిపోయి ఆ ప్రొటీన్ ఇంకొకరిని పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి అదే తోడులో పెరిగి పెరిగి, మా డ్రమ్ములో ఆ తిరగబడిన రకమే మిగిలింది. దానికి ఎవరి చెయ్యీ తగలక్కర్లేదు.

పళ్ళేలు పట్టుకుని ఊరొచ్చాను. నాన్నగారు ఆ తోడు ఇంకా పారబొయ్యలేదు! ఆ డ్రమ్ము పక్కనే నిలబడి అమ్మకీ, అన్నయ్యకీ, ఆయనకీ అంతా విడమరచి చెప్పాను. నాన్నగారు శ్రద్ధగా విన్నారు, పళ్ళేలు వెలుగులో పెట్టి చూశారు. హమ్మయ్య అనుకున్నాను.

"సరేనమ్మా, ముక్క తిరగబడింది. ఎవరి చెయ్యి తగిలి తిరగబడిందో అదీ చెప్పు మరి" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మోచేతి దాకా చెయ్యి డ్రమ్ములో ముంచి కలియబెట్టాను.

"నిన్నట్నుంచీ నేనూ బయటే ఉన్నాను నాన్నగారూ. నన్నెక్కడికి పంపిస్తారు?"

అమ్మ నోరు నొక్కుకుంది. అన్నయ్య బండి తీసి కొత్తపేట దారి పట్టాడు. సాయంత్రానికి వదినని తీసుకొచ్చాడు.

పొద్దున అన్నయ్య బండి అలా కదలగానే నాన్నగారు డ్రమ్ముని కాలితో తన్ని కాలవలోకి దొర్లించారు.

"అయితే నా మాట నమ్మారా?" అన్నాను.

"నువ్వేగా కొత్త పొట్లం వెయ్యమంది" అన్నారు, నా తడిచెయ్యి తగలకుండా పక్కకి జరుగుతూ.