బురద ఆరేదాకా

గుణదల కొండ కింద వీధులకి ఏళ్ల తరబడి నీళ్లు వదిలిన మనిషి ఆమోసు. తెల్లవారుజామునే సైకిలు మీద వచ్చి, రోడ్డు మధ్య ఇనప మూత ఎత్తి, పొడుగాటి తాళం లోపలికి దించి వాల్వు తిప్పేవాడు. అతను తిప్పాకే ఆ వీధులకి తెల్లారేది. ఏనాడైనా కాస్త ఆలస్యమైతే "ఏం ఆమోసూ, మా వీధి మీద కోపమొచ్చిందా?" అని ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలదీసేవాళ్లు. మేరీమాత తిరునాళ్ల రోజుల్లో అయితే అతనికి పెళ్లికొడుక్కి జరిగినన్ని మర్యాదలు. సర్వీసు చివర్లో ట్యాంకర్ కూడా తోలాడు. పదవీ విరమణ రోజున దండ వేస్తూ, "మావాడు నీళ్లలో పుట్టి నీళ్లలోనే రిటైరయ్యాడు" అని తోటివాళ్లు నవ్వారు.

ఇంతటి నీళ్లదొర కాపరం మాత్రం కొండమీద. అతను వదిలిన నీళ్లు అక్కడిదాకా ఎక్కేవి కావు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా! కింద అతను వాల్వు తిప్పే వేళకి అతని భార్య సంపూర్ణమ్మ రెండు బిందెలతో మెట్లు దిగొచ్చి, అందరితో పాటు వరసలో నిలబడేది. నిండాక ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని మళ్లీ కొండెక్కేది. మొగుడు వాల్వు దగ్గర, పెళ్లాం వరసలో. "నువ్వు ముందుకి రా" అని అతను ఏనాడూ పిలవలేదు. పిలిస్తే వీధి ఊరుకుంటుందా? ఆమె కూడా ఏనాడూ అడగలేదు.

అలాగని సంపూర్ణమ్మేమీ నీళ్లెరగని ఊళ్లో పుట్టలేదు. నాగాయలంక దగ్గర కాలువగట్టు మీద ఇల్లు. చిన్నప్పుడు కాలువలో దిగిందంటే వాళ్లమ్మ కర్ర పట్టుకొస్తే తప్ప ఒడ్డెక్కేది కాదు. ఆ పిల్ల పెళ్లయి కొండెక్కాక, ఆ రెండు బిందెలతోనే ఇల్లంతా గడపడం నేర్చుకుంది. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో గచ్చు, ఆ మిగిలింది గోడవారన కరివేపాకు మొక్కకి. కూతురు డయానాకి చెంబెడు నీళ్లతో తలంటి పోసేది. అదేం విద్యోగానీ ఆ పిల్ల జుట్టు మిలమిలా మెరిసేది. ఇంత నేర్చినా ఒక్కటి మాత్రం ఆమె చేతిలో లేదు. పంపులొచ్చే వేళకి ఇంట్లో లేకపోతే ఆ రోజుకి నీళ్లు లేవు. అందుకని ఎక్కడికి వెళ్లినా ఆఖరి బస్సుకి తిరిగొచ్చెయ్యాల్సిందే. తమ్ముడు జయపాల్ పెళ్లికి కూడా విందు తిని, చేతులారకుండానే బస్సెక్కింది. పుట్టింట్లో ఒక్క రాత్రి నిద్ర చెయ్యలేదు.

తర్వాత్తర్వాత కొండమీదికీ పంపులొచ్చాయి. అప్పటికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి.

ఈ మాట ఆమోసుని లోపల్లోపల తొలుస్తూనే ఉండేది. రిటైరయ్యాక ఎవరికీ చెప్పకుండా ఒక పాత స్కూలు మినీబస్సు కొన్నాడు. సీట్లు పీకేశాడు, తెల్లరంగు వేయించాడు. లోపల మంచం, గ్యాసు పొయ్యి, గోడకి మడిచే బల్ల, పైన నీళ్ల ట్యాంకు. పైపులన్నీ తన చేతులతోనే బిగించాడు. అన్నీ అయ్యాక సంపూర్ణమ్మని చెయ్యి పట్టుకుని ఎక్కించి, గిన్నెలు కడిగే చోట ఉన్న పంపు చూపించాడు.

"తిప్పు సంపూర్ణా. తిప్పితే వస్తాయి. ఇంక నువ్వు ఎక్కడా నీళ్లు మొయ్యక్కర్లేదు. ఏ ఊరైనా పోదాం, ఎన్నాళ్లయినా ఉందాం."

సంపూర్ణమ్మ తిప్పింది. వచ్చాయి. వెంటనే కట్టేసింది.

"ఇన్నాళ్లూ కొండమీద కాపరం చేయించావు. ఇప్పుడు రోడ్డుమీద చేయిస్తావేంటయ్యా?" అంది.

కొత్త బండి కొంటే చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించడం వాళ్లలో రివాజు. ఆమె దానికీ ఒప్పుకోలేదు. "ఒక్కసారి మా ఊరు పోయొద్దాం. నాకు నచ్చిందా, ఉంచుకుందాం. నచ్చలేదా, మారు మాట్లాడకుండా అమ్మెయ్యి. అమ్మేసే బండికి ప్రార్థన చేయించి దేవుణ్ణెందుకు మోసం చెయ్యడం?" అంది. సంపూర్ణమ్మ మాటంటే మాటే. అలా ప్రార్థన లేకుండానే, మే నెల ఎండల్లో ఒక శనివారం బండి కదిలింది. ఈ ఒక్క ప్రయాణం సవ్యంగా సాగితే చాలు ప్రభువా అని ఆమోసు మనసులోనే సొంతంగా ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాడు.

కూచిపూడి దాకా అంతా బాగానే ఉంది. ఎక్కడ ఆగినా ఆమోసు పని పెట్టుకుని పంపు తిప్పేవాడు. చేతులు కడుక్కునేవాడు, కాళ్లు కడుక్కునేవాడు, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగేవాడు. సంపూర్ణమ్మ దోసెడు నీళ్లతో మొహం తుడుచుకుంటే, "ఇంకా తిప్పవే, ఎవరేమంటారు?" అని బతిమాలేవాడు. బయలుదేరేటప్పుడు ఆమె ఒక మంచినీళ్ల టిన్ను ఎక్కిస్తుంటే "నెత్తిమీద సముద్రం పెట్టుకుని టిన్నెందుకే?" అని నవ్వాడు కూడా. ఆమె వినిపించుకోకుండా ఎక్కించింది.

అవనిగడ్డ దాటి కాలువరోడ్డు పట్టాక మొదలైంది అసలు సంగతి. కాలువలు కట్టేసిన రోజులు. చుక్క నీరు లేదు. అడుగున నల్లటి పూడిక తీసి ట్రాక్టర్లకెత్తి తోలుతున్నారు. అది కారి రోడ్డంతా చిత్తడి. ఒకచోట ఆమోసు దారివ్వబోయి పక్కకి దిగాడు, చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి. అదే అదనని ఎదురొచ్చే ట్రాక్టరు గోతిలో పడి లేచింది. ట్రాలీలో పూడిక సగం బండి మీద పడింది. నానా తంటాలు పడి గట్టెక్కి, ఒక నిద్రగన్నేరు చెట్టు కింద ఆపి చూస్తే, తెల్లబండి కాస్తా గేదెలా నిగనిగలాడుతోంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. తొక్కడం ఎటూ అయిపోయింది కాబట్టి కడుగుదామని ఆమోసు లోపలికెళ్లి బకెట్టు పెట్టి పంపు తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. పైకెక్కి చూశాడు. ట్యాంకు కింద జాయింటు గతుకులకి వదిలేసి, దారి పొడుగునా కారిపోయాయి నీళ్లన్నీ. ఊరి లీకులన్నీ కట్టిన చేతులు బిగించిన జాయింటు! దిగొచ్చి సంపూర్ణమ్మ మొహంలోకి చూడలేకపోయాడు. ఆమె తిట్టినా బాగుండేది. తిట్టలేదు. దాంతో అతనికి ఇంకా భయం వేసింది. బండి అమ్ముడుపోయిందనే అనుకున్నాడు.

"పద, మీ తమ్ముడి ఇంటికి పోయాక కడుక్కుందాం" అన్నాడు నీరసంగా.

"బాగుంది! కాలువ కట్టేశారు, చెరువు అడుగంటింది, తాగడానికి ట్యాంకర్ కోసం చూస్తున్నారు వాళ్లు. వాళ్ల ముంతలో నీళ్లడిగి మన బండి కడుక్కుంటామా? ఇన్నేళ్లకి సొంత బండిలో పుట్టింటికెళ్తూ ఈ మొహంతో దిగనా?"

"అదిగో, అక్కడ చేతిపంపుంది."

"మా పక్క చేతిపంపు నీళ్లు ఉప్పు కషాయం. పోస్తే ఆరాక చారలు తేలతాయి. ఇనుమూ తినేస్తుంది."

ఇక మిగిలింది ఆ టిన్నొక్కటే. ఆమోసు మగ్గు ముంచి, బురద మీద చల్లబోయాడు. సంపూర్ణమ్మ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఆగయ్యా! తడి మీద తడి చేశావంటే పులుముకుంటుంది. అప్పుడు ట్యాంకరెడు పోసినా వదలదు. దాన్ని ఆరనీ."

"ఆరేదాకా ఏం చేస్తాం?"

"ఏం చెయ్యం. కూచుంటాం."

అలా ఇద్దరూ చెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూచున్నారు. పెళ్లయినప్పటినుంచీ పనేమీ లేకుండా పక్కపక్కన కూచోవడం ఎప్పుడు జరిగిందో ఇద్దరికీ గుర్తులేదు. సంపూర్ణమ్మే మాటలు మొదలెట్టింది. ఈ కాలువలోనే ఈతకొట్టి ముక్కుపుడక పోగొట్టుకున్న వైనం చెప్పింది. దెబ్బలకి భయపడి రెండు రోజులు ముక్కుకి ఆకు అడ్డం పెట్టుకుని తిరిగిందట. ఆమోసు పగలబడి నవ్వాడు. ఇన్నేళ్లలో ఈ కథ తను వినలేదు. వినడానికి అసలు తీరికెక్కడిది?

నవ్వు ఆగాక అతను టిన్ను వైపు చూశాడు.

"మొయ్యక్కర్లేదన్నాను. మొదటి ప్రయాణంలోనే మళ్లీ నిన్ను టిన్ను నీళ్ల పాలు చేశాను."

"చేశావు" అంది సంపూర్ణమ్మ. "నువ్వు వాల్వు తిప్పే ముందు ఒకసారి తలెత్తి వరసంతా చూసేవాడివి. గుర్తుందా?" అంది.

ఆమోసు తువ్వాలు మీద రాలిన ఆకు ఏరి పక్కన పడేశాడు.

"నేనెక్కడున్నానో చూసుకునేవాడివి. నేను మెట్లు దిగడం ఆలస్యమైతే తాళం పడటం లేదన్నట్టు ఊరికే అటూ ఇటూ కదిపేవాడివి. నేనొచ్చి నిలబడ్డాకే నీళ్లొచ్చేవి. వీధిలో వాళ్లకి తెలీదుగానీ, నాకు తెలీదనుకున్నావా?"

ఆ రహస్యం తనతోనే పోతుందనుకున్నాడు ఆమోసు. తువ్వాలు అంచు మెలిపెడుతూ, చెవులదాకా ఎర్రబడ్డాడు. పెళ్లాం మీద ప్రేమ ఉందని పట్టుబడితే ఈ వయసులో కూడా సిగ్గే మరి.

మే ఎండ కాబట్టి బురద తొందరగానే తెల్లబడి, బీటలు తీసింది. సంపూర్ణమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని లేచింది. కొబ్బరిపీచు ఒకటి అతని చేతికిచ్చింది, ఇంకొకటి తను తీసుకుంది. "పైనుంచి కిందికి. అదిమి రుద్దకు, పెయింటు పోతుంది. ఊరికే దులుపు." పీచు తగిలితే చాలు, పెచ్చులు పెచ్చులుగా రాలింది. బండి చుట్టూ నల్లటి పొడి పోగుపడింది. ఎక్కువ భాగం నీటిబొట్టు లేకుండానే వదిలిపోయింది.

ఆ తర్వాత టిన్నులోంచి అరబకెట్టు వంచింది. దాంట్లో షాంపూ పొట్లం సగం పిండి, పాత నూలుచీర ముక్క ముంచి, గట్టిగా పిండి, ముందు అద్దాలు తుడిచింది. తర్వాత పైభాగం, తర్వాత తలుపు. గుడ్డ మురికైతే మడత తిప్పేది, ఆ మడతా అయిపోతేనే ముంచేది. ఆమోసు ఇంకో ముక్కతో వెనకే తుడుచుకుంటూ వచ్చాడు. ఒకసారి ఆశకొద్దీ గుడ్డ పిండకుండా నీళ్లోడుతూ తెస్తే, "ఏయ్, వాల్వు కట్టెయ్" అని గదమాయించింది. అడుగున మిగిలిన బురదనీళ్లతో చక్రాలు కడిగింది. అవి కూడా పారబొయ్యకుండా చెట్టు మొదట్లో పోసింది. టిన్నులో ఇంకా సగం పైన నీళ్లున్నాయి. వాటిలోంచి రెండు గ్లాసులు తీసి టీ పెట్టింది. బండి కొన్ననాటికంటే తెల్లగా ఉంది.

టీ తాగుతూ బండి సంగతి అడుగుదామని ఆమోసు రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. ఆమె బండిని ఇంత మురిపెంగా తుడవడం చూస్తే ఆశ పుట్టింది. అంతలోనే, సంపూర్ణమ్మ ఎవరికైనా గిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా ఇలాగే తళతళా తోమి ఇస్తుందని గుర్తొచ్చింది. ఆశ చల్లారింది.

ఊళ్లో జయపాల్ కుటుంబం ఎదురొచ్చి సంబరపడింది. రాత్రికి బండిలోనే పడుకుంటానంది సంపూర్ణమ్మ. ఆమోసు దానికీ పొంగిపోలేదు. జయపాల్ ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు మరి.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక జనమంతా బండి చుట్టూ మూగారు. పాస్టర్ ఆరోన్ గారు కుర్రమనిషి, ఉత్సాహవంతుడు. బైబిలు చంకన పెట్టుకుని, నవ్వుతూ వచ్చారు.

"ఆమోసు గారూ, కొత్త బండి అంటగా! ప్రార్థన చేసుకుందామా?" అంటూ బానెట్టు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకోబోయారు.

ఆమోసు చప్పున అడ్డం వచ్చాడు. "అదీ… ఇప్పుడే వద్దులెండి అయ్యగారూ. ఇంకా ఏ సంగతీ…" అని నసిగాడు.

"అవునండీ, బండి ప్రార్థన వద్దు" అంది సంపూర్ణమ్మ, అందరికీ వినపడేలా.

జనమంతా ఆమె వైపు తిరిగారు. ఆమోసు తల దించుకున్నాడు. అయిపోయింది, పోనీలే, ఆమె మాట ఆమెది, అనుకున్నాడు.

సంపూర్ణమ్మ ముందుకొచ్చి తలుపు తీసి పట్టుకుంది.

"బండికైతే బయట నిలబడి చేస్తే సరిపోద్దండీ. ఇంటికైతే లోపలికి రావాలి కదా. చెప్పులిప్పి రండి అయ్యగారూ. గృహప్రతిష్ఠ ప్రార్థన చెయ్యండి."

ఆరోన్ గారు ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే చెప్పులు విడిచి లోపలికెక్కారు. ఆయన వెనక జయపాల్, జయపాల్ భార్య, పట్టినంతమంది ఎక్కి ఇరుక్కున్నారు. మిగిలినవాళ్లు కిటికీల దగ్గర చేరారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆమోసు మాత్రం కదల్లేక, బయట టైరు పక్కనే నిలబడిపోయాడు. అతని కళ్లవెంట ధారగా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

లోపల పాట ఆగింది. సంపూర్ణమ్మ జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి, బయటికి వంగింది.

"ఇంటాయన వీధిలో నిలబడితే ప్రార్థనెట్లా మొదలుపెడతారు? ముందుకి రావయ్యా!"

ఆమోసు చెప్పులు విప్పి, ఆమె చాపిన చెయ్యి పట్టుకుని ఇంట్లోకి ఎక్కాడు.