తిప్పన్నను పస్తు పెట్టిన పిల్ల

ధర్మవరంలో ఒక పరదేశపు పిల్ల మూడు నెలలు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుని, వంద మగ్గాల ఆసామిని ఎముకల గూడు చేసి పగ తీర్చుకుంది. సరే, మూడు నెలలు కాదు, మూడు వారాలకు కాస్త తక్కువే. పొద్దు గుంకాక తినేది, అదీ బాగానే తినేది. ఆసామికి మగ్గాలు వంద లేవు. ఎముకల గూడూ కాలేదు, పంచె కాస్త బిగించి కట్టుకోవాల్సి వచ్చింది, అంతే. పగ మాత్రం పగే. అందులో తగ్గించి చెప్పడానికేమీ లేదు.

ఆ పిల్ల పేరు ముటాలె. దేశం ఆఫ్రికాలోని జాంబియా. బహాయి మతస్థురాలు. వాళ్ళ పిల్లలు కొందరు చదువు అయ్యాక ఒక ఏడాదిని సేవకని పక్కన పెడతారు. ఆ ఏడాదిని ముటాలె ధర్మవరంలో, మగ్గం నేసే జయలక్ష్మమ్మ ఇంటి వెనకగదిలో గడుపుతోంది. వచ్చిన మర్నాడే నేతగాళ్ళ వీధి ఆమె పేరును ముత్యాలు చేసేసుకుంది. పొద్దున్నే ముఖం కడుక్కుని ప్రార్థన. తర్వాత కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి తెలుగు నేర్చుకోవడం. తిట్లు ముందు వచ్చాయి, మర్యాదలు తర్వాత వచ్చాయి. ఎండెక్కాక జయలక్ష్మమ్మ పక్కన కూర్చుని పట్టు కండెలు చుట్టడం. సాయంత్రం వీధి పిల్లలకు పాటలు, కథలు, నిజం చెప్పడం, ఉన్నది పంచుకోవడం. శనివారం రైలెక్కి పెనుకొండలో పెద్దపిల్లల తరగతి, ఆదివారం హిందూపురంలో ఉషారాణి టీచరింట్లో ప్రార్థనలు. ఈ జిల్లాలో బహాయిల మంచిచెడ్డలు చూసేది ఉషారాణే. ఇక్కడ మిరపకాయను మసాలా అనుకోరనీ, కూర అనుకుంటారనీ ముటాలె వాళ్ళమ్మకు ఫోన్‌లో చెప్పేది.

పిల్లల తరగతికి చోటిచ్చినవాడు తిప్పన్న. పట్టు చీరల ఆసామి. అతని ఇంటికి ఎదురుగా పాడుబడ్డ మగ్గాల షెడ్డు ఒకటి ఉండేది. ఎలుకలు వాడుకునేదే కదా, నువ్వే వాడుకో పిల్లా అన్నాడు. ముటాలె, పిల్లలు కలిసి మగ్గం గుంతలు మన్నుతో పూడ్చారు, నేల అలికారు, గోడలకు సున్నం కొట్టారు. తడి ఆరకముందే ప్రతి పిల్లా రంగులో చెయ్యి ముంచి గోడ మీద అద్దింది. వాకిట్లో బంతి నారు నాటారు.

బాగుపడ్డాక షెడ్డు తిప్పన్న కంటికి ఆనింది. సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం పిల్లలు వెళ్ళేసరికి తలుపుకు తాళం. లోపల వేరుశనక్కాయ మూటలు. వాకిట్లో తిప్పన్న పాల ఎనుము కట్టేసి ఉంది, ఆఖరి బంతిచెట్టును తీరిగ్గా నములుతోంది. ముటాలె వెళ్ళి అడిగింది. తిప్పన్న అరుగు మీద నిలబడి, వీధంతా వినేటట్టు అన్నాడు.

"మన పిల్లోళ్ళను మతం మార్చను వచ్చినదానికి నా షెడ్డు యాడ ఇస్తా? పో, పో."

షెడ్డు పోతే పోయింది. ఆ మాట మాత్రం వీధిలో ఉండిపోయింది. మర్నాడు సగం మంది తల్లులు పిల్లల్ని పంపలేదు. వచ్చిన వాళ్ళలో చిన్నది, సంగీత, ముటాలె ఒళ్ళో కూర్చుని అడిగింది. "అక్కా, నువ్వు నన్ను ఏంగా మారుస్తావు?"

ఆ క్షణంలోనే ముటాలెకు పగ పుట్టింది. కండె చుడుతూ మనసులో తిప్పన్నను రోజుకొక రకంగా చంపేది. పైకి అనడానికి లేదు. మనిషి లేనప్పుడు అతని చెడు చెప్పడం బహాయిలకు మహా తప్పు. మూత పెట్టిన ఎసరులా లోపల్లోపలే కుతకుతలాడేది. ఆమె తరఫున తిట్టే పని జయలక్ష్మమ్మ తీసుకుంది. వినడం కూడా తప్పే, అందుకని ముటాలె కండె కాస్త నెమ్మదిగా చుడుతూ వినేది. ఉషారాణికి ఫోన్ చేస్తే, అతని కోసం రోజూ ప్రార్థన చెయ్యమంది. చేసింది. పళ్ళు బిగబట్టి, పేరు పెట్టి, ఒక్కరోజూ మానకుండా చేసింది.

మార్చి వచ్చింది. బహాయిలకు అది ఉపవాసాల కాలం. వాళ్ళ కొత్త సంవత్సరం దాకా పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా అన్నం, నీళ్ళు ముట్టరు. తరగతికి చోటు లేదు కాబట్టి ముటాలె మిగిలిన పిల్లలను ఆ తాళం వేసిన షెడ్డు చూరు కిందనే కూర్చోబెట్టింది. పాలు పోసే నల్లమ్మ ఆ దారిన పోతూ, ఎండకు ముటాలె పెదవులు పగలడం చూసి చెంబుతో మజ్జిగ ఇవ్వబోయింది. ముటాలె వద్దంది. ఉపాసం అంది. నల్లమ్మ ఆమెను చూసింది, తాళాన్ని చూసింది, ఎదురింటి తిప్పన్నను చూసింది. ఇంకేమీ అడగలేదు. కలెక్టరాఫీసు ముందు టెంటు వేసి పస్తు కూర్చునే వాళ్ళను ఆమె చాలామందినే చూసింది.

చీకటి పడకముందే వీధంతా తెలిసిపోయింది: ముత్యాలు తిప్పన్న మీద నిరాహార దీక్ష పట్టింది. శనివారం ముటాలె కంటే ముందు ఆ కబురే రైలెక్కింది. కబురు పెనుకొండలో దిగేసరికి అందులో పిల్ల సొమ్మసిల్లింది. హిందూపురం చేరేసరికి ప్రాణం పోయి, పుట్టపర్తి ఆసుపత్రిలో తిరిగొచ్చింది.

తిప్పన్న నవ్వేసేవాడే, కానీ ఇంట్లో పెళ్ళాం కదిరమ్మ ఉంది. ముటాలె చూరు కింద ఉండగానే ఆ ఇంట్లోంచి కంచం చప్పుడు, వెంటనే కదిరమ్మ గొంతు వినిపించాయి.

"ఆ పిల్ల ఎంగిలి పడందే నీకు మెతుకు లేదు. ఆకలిగొన్న ఆడబిడ్డ వాకిట్లో ఉండంగా ముద్ద మింగిన కొంప యాడన్నా బాగుపడిందా?"

"నేనేం చేసినానే?"

"అది నీకే తెల్సు. నీళ్ళు తాగాలనిపిస్తే ఆ పిల్లనడిగి తాగు."

ముటాలె చెవులు రిక్కించింది. ఆ గడప దాటి రెండు ముక్కలు చెబితే అంతా తేలిపోతుంది. చెప్పలేదు. మర్నాడు సాయంత్రం దాకా ఆగకుండా, పొద్దున్నే కండెల రాట్నం తెచ్చుకుని తిప్పన్న వంటింటి కిటికీకి సూటిగా కూర్చుంది. అబద్ధం ఆడలేదు. నీడకు కూర్చుంది. ఆ వీధిలో ఇంకో నీడ లేదని కాదు.

తిప్పన్న మధ్యాహ్నం అన్నానికి గడియారం చూసుకునే మనిషి. ఇంట్లో పెట్టరని బజారుకు పోయి దోసె తెప్పించుకున్నాడు. హోటలాయన చట్నీ పోస్తూ, ఆ పిల్ల తినిందా అన్నా అని మెల్లగా అడిగాడట. దోసె ఆకులోనే ఉండిపోయింది. పొద్దు గుంకి ముటాలె ఇంటికి పోయాకనే కదిరమ్మ అతనికి కంచం పెట్టేది. అటు జయలక్ష్మమ్మ ఇంట్లో ముటాలె సంగటి ముద్దను శనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంటూ, తిప్పన్న ఇంట్లో కూడా కంచం చప్పుడు మొదలై ఉంటుందని లెక్క వేసుకునేది. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

చివరికి తిప్పన్న తానే వీధి దాటి వచ్చాడు. పిల్లలు పాట ఆపేశారు.

"ఏమమ్మా, నా మీదనేనా ఈ ఉపాసం?"

ముటాలె రెండు వైపులా లెక్క వేసింది. అవునంటే షెడ్డు వస్తుంది, కానీ అది అబద్ధం. కాదంటే షెడ్డు పోతుంది, మతం మార్చే పిల్ల అన్న మాట నిలిచిపోతుంది. నిజమే చెప్పాలి, కానీ అంతా ఒకేసారి చెప్పనక్కర్లేదు అనుకుంది.

"నీ మీద కాదు మామా. దేవుని కోసం."

తిప్పన్న ముఖం ఇంకా వాడింది. మనిషి మీద పట్టిన దీక్షను సర్దిచెప్పి మాన్పించడానికి పెద్దమనుషులున్నారు. దేవుని దాకా పోయిన ఫిర్యాదుకు ఎవరున్నారు?

"దేవునికి నా సంగతి చెప్పినావా?"

"రోజూ చెప్తాండా. నీ పేరు పెట్టే చెప్తాండా."

తిప్పన్న మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. మూటలు ఆ పూటే బయటికి పోయాయి. లోపల గోడ మీద పిల్లల చేతులు అట్లాగే ఉన్నాయి. ఇంక తినమ్మా అని బతిమాలాడు. పొద్దు గుంకినాక తింటా మామా, మా కొత్త సంవత్సరం దాకా ఇట్లనే అంది ముటాలె. అదీ నిజమే. అతనికి మాత్రం ఇంకా బాకీ ఉన్నట్టు వినిపించింది.

మర్నాడు ఎనుమును పెరట్లోకి మార్చాడు. పిల్ల తినలేదు. బంతి నారు తెచ్చి తానే నాటి నీళ్ళు పోశాడు. తినలేదు. కదిరమ్మ పగలు కంచం పెట్టలేదు. ఆఖరికి ఒక పొద్దున కొళాయి దగ్గరికి పోయి, ఆడవాళ్ళందరి ముందు, ఆ పిల్ల ఎవర్నీ మార్చలేదు, నేనే ఉట్టిపుణ్యానికి నోరు జారినా అన్నాడు. ముటాలె బిందె పట్టుకుని వరసలోనే ఉంది. ఆమెకు కావలసిన మాట అదే. ఆ సాయంత్రం సంగీత వెనక పిల్లలందరూ వచ్చారు.

అప్పుడైనా జాలి పడాల్సింది. పడలేదు. ఆ రోజు కూడా చూరు కిందే కూర్చుని, పొద్దు పూర్తిగా గుంకిందో లేదో ఫోన్‌లో చూసి, కిటికీలో తిప్పన్నను చూసి, ఇంకోసారి ఫోన్ చూసి, అప్పుడు లేచింది.

కొత్త సంవత్సరం పండక్కి హిందూపురం పోతే, ఉషారాణి లడ్డు చేతికిస్తూ, ఇదంతా నిజమేనా అని అడిగింది. ముటాలె ముందు లడ్డు మొత్తం తినేసింది.

"నేనెవరి మీదా పగ పట్టలేదు టీచరమ్మా," అంది. "షెడ్డుకు తాళమే పడలేదు. తిప్పన్న మామ సన్నబడిండేది రోజూ నడుస్తాడని. ఆ ఎనుము బంతిచెట్లు తిననే తినదు. ఎవరు చెప్పినారో గానీ, ఒక్క ముక్క నిజం లేదు."