మూడు వేళ్ళు

గురువులు దుకాణానికి బోర్డు లేదు. కలకత్తాలో గార్డెన్ రీచ్ రోడ్డు మీంచి డాక్ గోడ వెంబడి లోపలికి వస్తే, రేకుల కింద రెండు మోటారు సైకిళ్ళు పట్టేంత జాగా, అంతే. బోర్డు రాయించవయ్యా అని నేను ఎన్నిసార్లు పోరినా నవ్వేసేవాడు.

"ఏ బాసలో రాయించమంటారు మేస్టారూ? నాకొచ్చింది రాయిస్తే ఒచ్చేవోడికి రాదు. ఆడికొచ్చింది రాయిస్తే నాకు రాదు."

నేను ఆ వీధిలోనే తెలుగు బడి నడిపిన మేష్టారిని. పిల్లలు లేక బడి మూతపడి తొమ్మిదేళ్ళయింది గాని, నా కోపం మూతపడలేదు. ఓడల్లో సరుకు దించడానికి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన వాళ్ళ మనవలు బెంగాలీలో చదువుకుంటారు, హిందీలో పోట్లాడుకుంటారు, ఇంట్లో అమ్మను అన్నం పెట్టమనడానికి మాత్రం తెలుగు వాడతారు. ఊరి నుంచి ఏ కాగితం వచ్చినా చదివించుకోవడానికి నా గుమ్మానికే రావాలి. చదివి చెబుతాను. చదివే ముందు నాలుగు చీవాట్లు పెడతాను. అది నా హక్కనుకునేవాణ్ణి.

గురువులు ఊళ్ళో అయిదో తరగతి చదివి, పదకొండో ఏట తండ్రితో కలకత్తా వచ్చాడు. తండ్రి ఓడల మీద సరుకు కదలకుండా పట్టీలతో బిగించే పని చేసేవాడు. కొడుక్కి ఆ పని పట్టుబడలేదు. మల్లిక్ బజార్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గర పానాలు అందిస్తూ చేరి, పదేళ్ళకు ఆ మేస్త్రీకే సలహాలు చెప్పేవాడయ్యాడు. అతనికి పేరు తెచ్చిపెట్టింది మాత్రం తండ్రి వదిలిపోయిన డాక్ పట్టీయే.

రోడ్డు మీద తిరిగే బండిని డ్రాగ్ రేసుకు తయారుచేయడం గురువులు ప్రత్యేకత. నాలుగు వందల మీటర్లు తిన్నగా, ఎవడు ముందు చేరితే వాడిది గెలుపు. క్లచ్ వదలగానే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. లేచిందా, పందెం పోయినట్టే. అందుకని గురువులు ముందు షాకప్ గొట్టాలను హ్యాండిల్ కింద క్లాంపుల్లోంచి పైకి జరిపి బిగించేవాడు, దాంతో బండి ముక్కు కిందికి దిగేది. దిగిన ముక్కు మళ్ళీ లేవకుండా ఆ డాక్ పట్టీతో లాగి కట్టేవాడు. వెనక షాకప్‌ను కూలబడకుండా గట్టి చేసేవాడు. కుర్రవాణ్ణి హెల్మెట్టూ జాకెట్టూ తొడిగించి మరీ బండెక్కించి, అప్పుడు కొలిచేవాడు. కొలబద్ద వాడేవాడు కాదు. గొట్టం ఎంత పైకి వచ్చిందో వేళ్ళు ఆనించి చూసేవాడు. ఒక వేలు, రెండు వేళ్ళు. రేసయ్యాక మళ్ళీ తన చేత్తోనే గొట్టాలను తెల్లరంగు గీత దగ్గరికి దించి, అప్పుడే బండిని రోడ్డుకు వదిలేవాడు. కంప్యూటర్లు పెట్టుకున్న పెద్ద షాపులవాళ్ళు కూడా ఆ కొలతలు కూపీ లాగాలని చూసేవారు. అతను రాసుకున్న కాగితాలైతే దొరికేవి గాని, వాటి నిండా తెలుగే.

"నా తాళం ఇదే మేస్టారూ" అనేవాడు గర్వంగా.

"ఆ తాళం నీ కొడుక్కి కూడా తెరుచుకోదు గదయ్యా!" అనేవాణ్ణి. అన్నందుకు నాకు భలే తృప్తిగా ఉండేది.

కొడుకు పండుకి ఇరవై రెండేళ్ళు. సాల్ట్ లేక్ ఆఫీసులకు భోజనం పొట్లాలు చేరవేసే ఉద్యోగం. వారమంతా ఏ బండి మీద పొట్లాలు మోసేవాడో, ఆదివారం ఆ బండినే తండ్రి రేసుకు సిద్ధం చేసేవాడు. ఒకసారి వాడు మేనత్త దాలమ్మ మనవరాలి శుభలేఖ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను టీ కొట్టు దగ్గర నలుగురిలో ఉన్నాను.

"బండి ఎగరేయడం వచ్చు గాని నీ పేరు రాయడం రాదేమిరా? ఇదిగో, ఇక్కడ రాయి, అప్పుడు చదువుతాను" అని కొట్టువాడి పలక చేతిలో పెట్టాను.

వాడు 'ప' కోసం గీసిన గీతలు చూసి అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. పండు శుభలేఖ మడిచి జేబులో పెట్టుకుని, చదివించుకోకుండానే వెళ్ళిపోయాడు.

కిందటి శీతాకాలం రేసులో ముందు చక్రం జానెడు లేచి పండు ఓడిపోయాడు. ఆ ఓటమి గురువులుకు కంట్లో నలుసయింది. తర్వాతి రేసుకు ఎప్పుడూ లేనిది మూడు వేళ్ళు పైకి లాగాడు. శనివారం పొద్దున పని ఇలా పూర్తయిందో లేదో ఊరి నుంచి కబురు వచ్చింది, అక్క దాలమ్మ పోయిందని. చేతులకున్న గ్రీజైనా సరిగా కడుక్కోకుండా ఒక కాగితం గబగబా గీకి, భార్య ప్రేమకుమారి చేతిలో పెట్టాడు.

"పండుగాడు రేసు కాడ పందిరేయడానికి ఎల్లినాడు, ఫోనెత్తట్లేదు, ఒచ్చేదాకా ఆగితే రైలు దాటిపోతాది. మేస్టారి సేత సదివించుకోమను" అని చెప్పి షాలిమార్‌లో రైలెక్కేశాడు. ఆమె కొడుక్కి కాగితం ఇచ్చింది, మాట కూడా చెప్పింది.

ఆదివారం పండు గెలిచాడు. చక్రం నేలకు అతుక్కుపోయినట్టు పరిగెత్తిందట. గెలిచిన ఊపులో, ఎప్పుడూ చూసినట్టే పట్టీ విప్పేశాడు. గొట్టాలు దించడం దుకాణంలో తండ్రి ఒక్కడే చేసుకునే పని గనక, అంతటితో అయిపోయిందనుకున్నాడు. ఫోనులో కాగితాన్ని ఫోటో తీసి అర్థం అడిగితే, ఆ దస్తూరీకి ఫోను కూడా దండం పెట్టిందట. తండ్రికి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ ఫోను చావింట్లో ఏ మూలనో మోగి మోగి ఊరుకుంది.

సోమవారం ఉద్యోగానికి బయలుదేరాడు. ఖిదిర్‌పూర్ దగ్గర పాత ట్రాము పట్టాల పక్కన గుంత. ముందు బస్సు ఆగితే వీడు గట్టిగా బ్రేకు వేశాడు. ముక్కు దిగింది, చక్రం గుంతలో పడింది, టైరు వెళ్ళి ఇంజనుకు కొట్టుకుని బిగిసిపోయింది. పండు ఎగిరి పక్క లారీ కింద పడ్డాడు. కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

బుధవారం గురువులు ఆసుపత్రికి వచ్చేసరికి నేను కూడా అక్కడే ఉన్నాను. ప్రేమకుమారి మొగుణ్ణి చూడగానే విరుచుకుపడింది.

"నీ సేత్తోనే బిడ్డ కాలు తీసినావు! ఏటి సేసినావు ఆ బండిని? సెప్పి ఎల్లాలని నీకు తెలీదేటి?"

గురువులు ఏడవలేదు. "సెప్పినాను. కాయితంలో రాసినాను. నా మాట నమ్మకపోతే మేస్టారి మాట నమ్ము" అన్నాడు. పండు చొక్కా జేబులో దొరికిన కాగితాన్ని నా చేతికిచ్చి, "సదవండి మేస్టారూ, ఈడు కూడా ఇనాల" అన్నాడు. కొడుకు తనను దోషి అనుకోకూడదు. అతనికి కావలసింది అదొక్కటే.

గట్టిగానే చదివాను.

"మేస్టారికి నమస్కారాలు. పండు ఈ కాయితం తెస్తాడు, సదివి సెప్పండి. రేసయ్యాక పట్టీ ఇప్పితే సరిపోదు. ముందు గొట్టాలు ఈసారి మూడు వేళ్ళు పైకి లాగినాను. తెల్లగీత కాడికి దించి బిగించకుండా రోడ్డెక్కొద్దని సెప్పండి. గుంతలో పడితే సక్రం ఇంజనుకి కొట్టుకుంటాది. మీరు సెప్తే ఇంటాడు."

ప్రేమకుమారి మొగుణ్ణి వదిలేసి కొడుకు వైపు తిరిగింది. "మేస్టారి కాడికి ఎల్లమన్నాను కదరా! ఎల్లలేదేటి?"

పండు గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఎల్లినానమ్మా. సోమవారం పొద్దున్న గుమ్మం దాకా ఎల్లినాను. లోపల మేస్టారు ఎవర్నో తిడతన్నారు. మళ్ళీ పలక ఇస్తారేమోనని ఎనక్కొచ్చేసినాను."

ఆ పొద్దున నేను తిట్టింది పాలవాణ్ణి. పాలలో నీళ్ళు కలిపాడని.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు మాటలు నేర్పినవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను. గురువులు నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఎప్పటి మర్యాదతోనే అన్నాడు:

"మీరెల్లండి మేస్టారూ. ఇక్కడింక సదవాల్సిందేటీ లేదు."