టేపమ్మ కొలిచిన ఎండ

మా మరదలు ఏ పనినీ కొలవకుండా చేయదు. బట్టలు కుట్టేవాళ్ళందరూ కొలుస్తారు, అందులో వింతేముంది అంటారా? ఉంది. తను తలుపు కొలుస్తుంది, మంచం కొలుస్తుంది, బకెట్టు కొనాలన్నా మెడలో వేలాడే టేపు తీసి దాని మూతి చుట్టూ తిప్పి చూస్తుంది. కొట్టువాడు నోరు వెళ్ళబెట్టి చూస్తున్నా సరే, తన పని తనదే. అందుకే వీధి వీధంతా తనను టేపమ్మ అంటారు. నేనేమో పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద టపటపా ముద్రలు కొట్టిన మనిషిని. నాకు ఏదైనా చటుక్కున అయిపోవాలి. ఇలాంటి మేమిద్దరం ఒకే ఇంట్లో కలిసి ఉంటున్నామంటే దానికి కారణం మా తమ్ముడు.

వాడు రాళ్ళకు నునుపు పట్టే కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు రోజులో ఎక్కువ భాగం ముక్కుకు సన్నటి గొట్టం పెట్టుకునే ఉండాలి. ఆ గొట్టం మంచం పక్కనున్న మిషనుకు తగిలించి ఉంటుంది. అది గదిలోని గాలినే లాగి, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి వాడికి అందిస్తుంది. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో గాలి మిషను. ఒకటి ఇంటికి తిండి పెడుతుంది, ఇంకోటి వాడికి ఊపిరి పెడుతుంది. నేను రిటైరయ్యాక వాడిని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

అంతా బాగానే ఉంది కానీ మా వీధి కరెంటుకు నిలకడ లేదు. వేసవి వచ్చిందంటే మిట్టమధ్యాహ్నం పోయి మూడు నాలుగు గంటలకు గాని రాదు. ఇంట్లో పాత ఇన్వర్టర్ ఒకటుండేది. బ్యాటరీలు మార్చిన కొన్నాళ్ళకే చేతులెత్తేసేది. మూడోసారి కూడా అలాగే చచ్చి ఊరుకునేసరికి మరదలికి ఒళ్ళు మండి దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఇక మిగిలింది అద్దెకు తెచ్చి ముందు గది మూలన పెట్టిన ఆక్సిజన్ సిలిండర్. కరెంటు పోగానే తను దాన్ని మంచం దగ్గరికి దొర్లించుకొచ్చి స్పానరుతో మూత తిప్పేది. ఎంత గాలి మిగిలిందో చూపించే ముల్లు మెల్లమెల్లగా కిందికి దిగేది. తమ్ముడు కళ్ళు ఆర్పకుండా ఆ ముల్లునే చూస్తుండేవాడు.

ఒకరోజు కరెంటు రావడానికి అయిదు గంటలు పట్టింది. ముల్లు ఎర్రగీత దాటిపోయింది. మరదలు వాడి వీపు నిమురుతూ కూర్చుంది. కరెంటు వచ్చాక లేచి, డాబా ఎక్కి, చాలాసేపు దిగి రాలేదు. వెళ్ళి చూద్దును కదా, మండుటెండలో టేపు పట్టుకుని నేల కొలుస్తోంది.

"ఏమ్మా, ఎండదెబ్బ గాని తగిలిందా?" అన్నాను.

"వదినా, ఆయన ఊపిరి ఆ ముల్లు మీద ఆధారపడకూడదు. ఇంత ఎండ ఊరికే పోతోంది. సోలార్ పెడదాం," అంది.

పెడదామంటే పెట్టేయాలి. నాకు తెలిసింది అంతే. తనకు దాదాపు ఏడాది పట్టింది!

ముందు నీడలు కొలిచింది. మా డాబా మీద ఒకపక్క మెట్లగది, ఇంకోపక్క పొరుగింటివాళ్ళ నీళ్ళట్యాంకు. ఆ రెండింటి నీడా ఎంతవరకు వస్తుందో గంట గంటకూ ఎక్కి, బట్టలకు గీతలు పెట్టే సుద్దతో గీసేది. వానొస్తే గీతలు పోయేవి, మళ్ళీ గీసేది. ఆ లెక్కంతా కొలతల పుస్తకంలోనే రాసుకుంది. ఒకావిడ తన గౌను కొలతలు సరిచూసుకుందామని పుస్తకం తిప్పి, "నడుము పదమూడు అడుగులా? ఎవరిదమ్మా?" అని కెవ్వుమంది. అది నీళ్ళట్యాంకు నీడ.

తర్వాత ఊళ్ళో డాబా మీద సోలార్ ఉన్న ఇల్లు ఎక్కడ కనబడితే అక్కడ తలుపు కొట్టింది. పదకొండు ఇళ్ళు తిరిగింది. ఏ దిక్కుకు పెట్టారు, ఎంత వాలుగా పెట్టారు, దుమ్ము ఎలా కడుగుతారు, బోల్టు దింపిన చోట వాన కారిందా, పిట్టలు గూళ్ళు పెడుతున్నాయా... ఒక్కటీ వదల్లేదు. ఒక ఇంట్లో ముసలాయన విసుక్కున్నాడట. ఈవిడ ఆయన చొక్కా గుండీ ఊడి ఉండటం చూసి, అక్కడికక్కడే కుట్టిపెట్టి మిగిలిన ప్రశ్నలు అడిగి వచ్చింది. అందరూ ఒక మాట మాత్రం చెప్పారు: "కరెంటు పోయిన సంగతే మాకు తెలీదమ్మా." ఆ మాటను పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది. నాకు చూపించింది కూడా. నేనూ తల ఊపాను.

చివరికి పాత పేపర్లు అతికించి, ప్యానెల్ ఎంతుంటుందో అంతేసి ముక్కలు కత్తిరించింది. గుడ్డ మీద చేతులూ కాలరూ పేర్చి చూసుకున్నట్టు వాటిని డాబా మీద పరిచి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. గాలికి లేవకుండా వాటి మీద నిలబడాల్సింది ఎవరు? ఇంకెవరు, నేనే. ఒక కాలు ఒక కాగితం మీద, ఇంకో కాలు ఇంకో కాగితం మీద. కింద నుంచి తమ్ముడు, "అక్కా, పైన ఏం చేస్తున్నారు?" అని కేకేస్తే, "నీ పెళ్ళాం నాకు ప్యాంటు కుడుతోందిరా!" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వితే దగ్గు వస్తుందని తెలిసీ నవ్వాడు.

బిగించడానికి వచ్చిన ఫిట్టరు డాబా చూసి నాలుగు ప్యానెళ్ళకు మించి పట్టవన్నాడు. తను మారుమాట్లాడకుండా కాగితాలు పరిచింది. ఆరు పట్టాయి. అతను తల గోక్కుని, "మా కంపెనీలో చేరతారా అమ్మా?" అన్నాడు. తర్వాత బ్యాటరీ కూడా పెట్టమంటారా అని అడిగాడు.

"బాబ్బాబు, ఆ మాటెత్తకు. బ్యాటరీలతో పడ్డ పాట్లు చాలు," అంది మరదలు.

అతను సరేనని రాసుకున్నాడు. ఎందుకు వద్దంటోందో అతను అడగలేదు. వద్దంటే ఏమవుతుందో తనూ అడగలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నాకూ ఏమీ తోచలేదు.

రెండు రోజుల్లో పని అయిపోయింది. ఇనుప కాళ్ళు లేచాయి, వాటి మీద నీలంగా మెరుస్తూ ఆరు ప్యానెళ్ళు. మిగిలిన కరెంటు వీధి లైనులోకి పోయి మీటరు వెనక్కి తిరుగుతుంటే తమ్ముడిని మెల్లగా నడిపించుకొచ్చి చూపించాం. మరదలు ఆ రోజంతా పాడుతూనే కుట్టింది. తను పాడటం నేను వినడం అదే మొదలు. గొంతు అంత బాగుండదు గాని, నాకు కళ్ళు చెమర్చాయి.

ఇక నా నిర్వాకం చెప్పాలి. నాలుగో రోజు సిలిండర్ కొట్టు మనిషి అటుగా వచ్చి, "ఇది ఇంకా కావాలా అమ్మగారూ?" అని అడిగాడు. మరదలు బజారుకెళ్ళింది. తను ఉంటే పది రకాలుగా కొలిచి గాని మాట చెప్పేది కాదు. నేనేమో, "నెత్తి మీద సూర్యుణ్ణి పెట్టుకుని ఈ ఇనపగొట్టం ఎందుకయ్యా, పట్టుకుపో," అన్నాను. మూలన చోటు ఖాళీ అయిందని తుడిచి ముగ్గురం కూర్చునేలా చాప కూడా పరిచాను. మరదలు వచ్చి ఆ మూల చూసింది. "కొన్నాళ్ళు చూసి ఇచ్చేద్దామనుకున్నా వదినా," అంది. "చాల్లే, నీకు అన్నిటికీ అనుమానమే," అన్నాను.

తొమ్మిదో రోజు పన్నెండు దాటాక కరెంటు పోయింది. ముందు ఫ్యాను ఆగింది. తర్వాత కుట్టు మిషను మోటారు. ఆ వెంటనే వెనక గదిలోంచి గాలి మిషను కీచుమని అరవడం మొదలుపెట్టింది. అలా అరిచిందంటే అది ఆగిపోయిందని.

మేమిద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ప్యానెళ్ళ మీద కన్ను నిలవనంత వెలుగు. ఇంట్లో చుక్క కరెంటు లేదు. మరదలు స్విచ్చులన్నీ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. తర్వాత స్పానరు తీసుకుని మూలకు పరిగెత్తింది. అక్కడ చాప ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తమ్ముడి పెదాలు అప్పుడే రంగు మారుతున్నాయి. నాకు జిరాక్సు కొట్టు గుర్తొచ్చింది. మా ఇంటికి రెండిళ్ళవతల, ఎప్పుడు కరెంటు పోయినా వాళ్ళ మిషన్లు ఆగవు. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆ కొట్టాయన నా మొహం చూసి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వచ్చి గాలి మిషను ఎత్తుకున్నాడు. మరదలూ నేనూ తమ్ముడిని చెరో రెక్కా పట్టుకుని ఇంచుమించు మోసుకుపోయాం. కాపీల కోసం నిలబడ్డవాళ్ళు జరిగి చోటిచ్చారు, ఎవరో కుర్చీ వేశారు. ప్లగ్గు పెట్టగానే మిషను మళ్ళీ గుర్రుమంది. గొట్టంలోంచి గాలి వచ్చింది. తమ్ముడు కళ్ళు మూసుకుని పీల్చాడు. మూడు గంటలు కాగితాల కట్టల మధ్య అలాగే కూర్చున్నాడు. మరదలు వాడి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, మెడలోని టేపును వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

సాయంత్రం ఫిట్టరు వచ్చి తల వంచుకుని చెప్పాడు. "వీధి లైనులో కరెంటు పోతే మీ ప్యానెళ్ళు కూడా వాటంతటవే ఆగిపోతాయమ్మా. ఆగకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది. స్తంభమెక్కి బాగుచేసేవాడి ప్రాణం పోతుంది. కరెంటు లేనప్పుడు కూడా వాడుకోవాలంటే బ్యాటరీ ఉండాలి, దానికి తగ్గ ఇన్వర్టరూ వేరే ఉంటుంది."

"మరి ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ కరెంటు పోయినా తెలీదన్నారే?" అంది మరదలు.

"వాళ్ళకు బ్యాటరీలు ముందునుంచీ ఉండుంటాయి."

తను పుస్తకం తెరిచి, రెండు గీతలు గీసిన ఆ మాట చూసుకుంది. "గుడ్డ గురించి అన్నీ కనుక్కున్నాను. వేసుకునే మనిషి సంగతి మర్చిపోయాను," అంది.

అప్పుడు తమ్ముడు మంచం మీద నుంచి అడిగాడు, "అది సరే, సిలిండర్ ఏమైంది?"

చెప్పాలనే నోరు తెరిచాను.

"నేనే పంపేశానండీ. తొందరపడ్డాను," అంది మరదలు, నా వైపు చూడకుండా.

ముప్పై ఏళ్ళు జనం మీద కేకలేసిన నోరు, ఆ ఒక్క మాటకు పెగల్లేదు. రాత్రికి సిలిండర్ తిరిగి వచ్చింది. మరదలు మామూలుగానే వండింది, కుట్టింది, నాకు టీ ఇచ్చింది. ఒక్క దెప్పుమాట లేదు. దెప్పి ఉంటే ఎదురు తిట్టి తేలికపడేదాన్ని. తను మాత్రం కుట్టినదాన్నే విప్పి మళ్ళీ కుడుతూ ఉండేది. పాట లేదు. కత్తెర పట్టుకుని గుడ్డ ముందు కూర్చుని, కోయడానికి చెయ్యి రాక లేచిపోయేది. దాన్నలా చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండు వారాల తర్వాత బ్యాటరీ, కొత్త ఇన్వర్టరు వచ్చాయి. ఫిట్టరు అన్నీ కలిపి, "మెయిన్ దించి మీరే చూసుకోండమ్మా. వీధి కరెంటు పోయినట్టే లెక్క," అన్నాడు.

మరదలు మెయిన్ స్విచ్చు దగ్గర నిలబడింది. చెయ్యి దాని దాకా వెళ్ళింది, పట్టుకుంది, వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. "నావల్ల కాదు వదినా. ఈ చేత్తో ఒకసారి ఆయన ఊపిరి ఆపేశాను," అంది.

ఇక ఆగలేకపోయాను. "ఒరేయ్ తమ్ముడూ, సిలిండర్ పంపింది ఇది కాదు, నేను. ఇది లేనప్పుడు నేనే పట్టుకుపొమ్మన్నాను. నీ ప్రాణం మీదికి తెచ్చింది నేనురా," అని భోరున ఏడ్చేశాను. ఫిట్టరు ఎక్కడ చూడాలో తెలియక బ్యాటరీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తెలుసక్కా," అన్నాడు తమ్ముడు. "పక్క గదిలోనే కదా పడుకున్నాను. అంతా విన్నాను. వద్దని నేను మాత్రం అన్నానా? ఆ ముల్లు ఇక చూడక్కర్లేదని సంతోషించాను."

మరదలు వాడి వైపు తిరిగి, "తెలిసే అడిగారా?" అంది.

"అక్క చెప్తుందేమోనని అడిగాను. నువ్వు అడ్డొస్తావని నాకేం తెలుసు?"

వాడు పొడుగాటి గొట్టం సర్దుకుని లేచాడు. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. ఇద్దరం చేయి అందించబోతే వద్దన్నాడు. మెయిన్ స్విచ్చు మీదున్న మరదలి చేతిని మెల్లగా తీసి పక్కకు పెట్టి, తనే కిందికి దించేశాడు.

మెయిన్ బోర్డు మీది చిన్న లైటు ఆరిపోయింది. ఫ్యాను ఒక్కసారి తడబడి మళ్ళీ అందుకుంది. వెనక గదిలో గాలి మిషను గుర్రుమంటూనే ఉంది. ఎవ్వరం కదల్లేదు. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను, అది ఆగలేదు. మరదలు మాత్రం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది.

తమ్ముడు దాని భుజం మీద చెయ్యి వేసి, "ఏమే, నువ్వు ఊపిరి తీసుకో," అన్నాడు.